ఎస్ దాటిన కొమ్మా

“ద టీచర్ ఈజ్ వెయిటింగ్ ఫర్ ద స్టూడెంట్స్’.”

భిలాయి వైశాలి నగర్‌లో నా దగ్గర ట్యూషన్ చదివే పిల్లల నోటుపుస్తకాల్లో ఈ వాక్యం ఏదో ఒక వేషంలో ఏటా కనిపిస్తుంది. ఒకసారి టీచర్ బదులు బస్సు ఉంటుంది, ఇంకోసారి స్టూడెంట్స్ బదులు ప్లేయర్స్. మారనిదల్లా చివర ఎస్ దాటి వేలాడే ఆ కొమ్మా. దాని అసలు పేరు అపాస్ట్రఫీ అని పిల్లలకీ తెలుసు. కానీ మా మధ్య దాని పేరు పై కొమ్మా.

ఇక్కడ దానికి పనిలేదు. టీచరు ఎదురుచూసేది విద్యార్థుల కోసం. విద్యార్థుల పుస్తకాల కోసమో, విద్యార్థుల బస్సు కోసమో కాదు. ఎర్ర పెన్నుతో కొట్టేసి “ఇక్కడ వీళ్ల సొత్తు ఏముంది?” అని పక్కన రాస్తే మాస్టారి బాధ్యత తీరిపోతుంది. వ్యాకరణం పుస్తకాలు చెప్పేదీ అంతవరకే. కానీ అజాగ్రత్త వల్ల వచ్చే తప్పులు చెదురుమదురుగా ఉంటాయి. ఒకడు ఇక్కడ చేస్తే ఇంకొకడు మరోచోట చేస్తాడు. ఇది అలా కాదు. “ద స్టూడెంట్స్ ఆర్ ప్లేయింగ్” అని రాసేటప్పుడు ఆ పిల్లలే కొమ్మా జోలికి పోరు. ఫర్, విత్, నియర్, ఎబౌట్ లాంటి ప్రిపొజిషన్ ముందు వచ్చిందంటే మాత్రం చెయ్యి ఆగదు. అంటే వాళ్లు ఏదో లెక్క ప్రకారమే పెడుతున్నారు. ఆ లెక్క ఎక్కడిదో తేల్చుకున్నాకే నాకు ఈ పాఠం చెప్పడం చేతనైంది.

ఈ ఊరి పిల్లలు ఎన్ని భాషల మధ్య పెరుగుతారో ముందు చెప్పాలి. స్టీల్ ప్లాంటు కోసం సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు రాయపూర్ బండెక్కి వచ్చేశారు. సర్వీసు ఉన్నన్నాళ్లూ రైలు పట్టాలకి అటువైపు సెక్టార్లలో కంపెనీ క్వార్టరు. రిటైరైతే అది ఖాళీ చేసి పట్టాలకి ఇటువైపు, సుపేలా దాటి, వైశాలి నగర్‌లో సొంత గోడలు. ఆ ఇళ్లలో ఇప్పుడు పెరుగుతున్నది మూడో తరం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కూరగాయల బండి దగ్గర ఛత్తీస్‌గఢీ, బడిలో ఇంగ్లిషు. తెలుగు చదవడం చాలామందికి రాదు. మాట్లాడడం మాత్రం నాయనమ్మలు పోనివ్వలేదు.

ఇంటి భాషతోనే మొదలుపెడదాం. విద్యార్థులు అన్న మాటకి చివర ‘లు’ పోయి ‘ల’ వస్తే విద్యార్థుల పుస్తకాలు. ఆ ‘ల’తోనే విద్యార్థుల కోసం, విద్యార్థులతో, విద్యార్థులకి, విద్యార్థుల మీద, విద్యార్థుల వెనక. సొత్తు చెప్పడానికీ అదే ‘ల’, వెనక ప్రత్యయమో ‘కోసం’ లాంటి మాటో తగిలించడానికీ అదే ‘ల’. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం చూసినా, దాన్ని అనుసరించి బడిలో మనం వల్లెవేసిన విభక్తుల పట్టిక చూసినా, షష్ఠిలో కి, కు, యొక్క, లో అన్నీ ఒకే గదిలో కాపురముంటాయి. ఇంగ్లిషువాడికి టు, ఆఫ్, ఇన్ మూడు వేర్వేరు సంగతులు. మనకి ఒకే వరస.

వీధిలోకి వెళ్తే హిందీ ఇంకా గట్టిగా అదే మాట చెబుతుంది. బచ్చోఁ కీ కితాబ్ అంటే పిల్లల పుస్తకం. పిల్లల కోసం అనాలంటే బచ్చోఁ కే లియే. ఆ ‘కే’ ఎవరనుకున్నారు? కా, కీ ఇంటి మనిషే. కే సాథ్, కే పాస్, కే ఊపర్, కే బారే మే — ప్రతి దాని ముందూ సొత్తు గుర్తు నిలబడే ఉంటుంది. పైగా హిందీలో ఇంకో తిరకాసు. లడ్కోఁ కా కమ్రా అంటాం. దానికి ‘లో’ తగిలిస్తే లడ్కోఁ కే కమ్రే మే అవుతుంది. చివర వచ్చిన ‘మే’ కమ్రాని మార్చడంతో ఊరుకోకుండా వెనక్కి చెయ్యి చాపి ‘కా’ని కూడా ‘కే’ చేసేస్తుంది. ఆ భాషలో పెరిగిన పిల్ల “ప్రిపొజిషన్ వచ్చింది కదా, సొత్తు గుర్తు ఏదో పెట్టాలి” అనుకుంటే తప్పెలా పట్టగలం?

ప్లాంటులో పాతకాలంలో పనిచేసినవాళ్లకి రష్యన్ ముక్కలు నాలుగైనా వస్తాయి. సోవియట్ నిపుణుల పక్కన నిలబడి నేర్చుకున్నవి. మా నాన్న ‘ద్ల్యా’ అన్న మాట నేర్చుకున్నారు. అంటే ‘కోసం’. విద్యార్థుల కోసం అనాలంటే ద్ల్యా స్తుదెంతొవ్. ఆ స్తుదెంతొవ్ అన్నదే ‘విద్యార్థుల’ కూడా, వాళ్ల సొత్తు చెప్పడానికి వాడే రూపం. భిలాయికి ఇనుము కరిగించడం నేర్పిన భాష కూడా ఈ విషయంలో మన పక్షమే.

మన పక్షం కానిది ఒకటి మా వీధిలోనే ఉందని కూరగాయలామె మాటలు వింటుంటే తట్టింది. ఛత్తీస్‌గఢీలో పిల్లలు అంటే లయికా మన్. ఆ ‘మన్’ బహువచనం గుర్తు. (తెలుగు పిల్లలు దాన్ని ‘మన’ అని విని నవ్వుకుంటారు.) పిల్లల పుస్తకం లయికా మన్ కే కితాబ్. పిల్లల కోసం అంటే లయికా మన్ బర్. మధ్యలో ‘కే’ లేదు! సొత్తుకి కే, ‘కోసం’కి బర్, దేని దారి దానిదే. ఇంగ్లిషు వ్యవహారం సరిగ్గా ఇదే. అప్పటినుంచీ ఈ పాఠం నేను లయికా మన్‌తోనే మొదలుపెడతాను. ఇంగ్లిషు మీడియం బడికి పోయే పిల్లలు, బండి దగ్గర తప్ప ఎక్కడా వాడని ఆ భాష ఇంగ్లిషుకి దారి చూపిస్తుంటే కాస్త తెల్లబోతారు. తెల్లబోవడం మంచిదే.

ఇక ఇంగ్లిషు సంగతి. “ఇన్ ద స్టూడెంట్స్’ నోట్‌బుక్స్” అన్నప్పుడు ‘ఇన్’ పిలిచింది నోట్‌బుక్స్‌ని. పెళ్లికి పిలుపు నోట్‌బుక్స్‌కే, స్టూడెంట్స్ వాటికి తోడుగా వచ్చినవాళ్లు. ప్రిపొజిషన్‌కి వాళ్లతో చుట్టరికం లేదు. ఆ కొమ్మా ఉండాలో వద్దో చెప్పేది ముందున్న ‘ఇన్’ కాదు, వెనకున్న నోట్‌బుక్స్. స్టూడెంట్స్’ అన్న ఒక్క మాట తీసేసి చూడండి. “ఇన్ ద నోట్‌బుక్స్” అని వాక్యం నిలబడుతుంది. అదే “ఫర్ ద స్టూడెంట్స్”లో స్టూడెంట్స్‌ని తీసేస్తే మిగిలేది “ఫర్ ద”. గాలిలో వేలాడుతుంది. అలా వేలాడితే తీసినవాడే అసలు పిలుపు అందుకున్నవాడు, అతనికి కొమ్మా అక్కర్లేదు.

తెలుగు మాట్లాడే పిల్లలకి ఇంకో దారి ఉంది. వాక్యాన్ని తెలుగులో అనుకుని ‘ల’ దగ్గర ఆగమంటాను. ‘ల’ తర్వాత వచ్చింది మనిషో వస్తువో అయితే కొమ్మా ఎస్‌కి అవతల. ‘ల’ తర్వాత వచ్చింది కోసం, తో, కి, గురించి లాంటిదైతే కొమ్మా లేదు. కార్మికుల క్వార్టర్లలో: ‘ల’ వెనక క్వార్టర్లు ఉన్నాయి, కాబట్టి ఇన్ ద వర్కర్స్’ క్వార్టర్స్. కార్మికుల గురించి: ఎబౌట్ ద వర్కర్స్, అంతే. మీద, కింద, వెనక, మధ్య దగ్గర కొంచెం తడబడతారు. అవి నిజానికి చోటు పేర్లే కాబట్టి తడబాటులోనూ న్యాయం ఉంది. చిల్డ్రన్, విమెన్, మెన్ లాంటివి ఎస్ లేకుండానే బహువచనాలు కనక వాటికి కొమ్మా, ఆ తర్వాత ఎస్. ఇది ఒకసారి చెబితే వంటబడుతుంది, దీని మీద ఎక్కువసేపు కూర్చోను.

కూర్చోవలసింది చెవి దగ్గర. స్టూడెంట్స్, స్టూడెంట్’స్, స్టూడెంట్స్’ మూడూ నోట పలికితే ఒక్కటే. డిక్టేషన్‌లో టీచరు ఎంత స్పష్టంగా చదివినా కొమ్మా వినపడదు. మనకి ఈ బెడద లేదు. కార్మికుడి ఇల్లు, కార్మికుల ఇల్లు అంటే ఎవరికైనా తేడా వినిపిస్తుంది. ఇంగ్లిషులో వినికిడి పనికిరాదు, సంగతి తెలియాలి. మా పక్కింటి బాబాయ్ (రిటైరై ఇరవై ఏళ్లు దాటింది, ఊరు టెక్కలి దగ్గర) తన సర్వీసు రోజుల్లో ఎవరో “ఫర్ మై సిస్టర్స్ మ్యారేజ్” అని కొమ్మా లేకుండా సెలవు చీటీ పెట్టిన కథ ఇప్పటికీ చెబుతారు. పైనున్నాయన చదివి, “అక్కచెల్లెళ్లు ఎంతమంది?” అని అడిగాట్ట. “ముగ్గురు సార్.” “ముగ్గురికీ ఒకే ముహూర్తమా?” చీటీ ఇచ్చినాయన ఆలోచించి, “కాదు సార్, కానీ సెలవు మూడుసార్లు అడగాలంటే మొహమాటం” అన్నాట్ట. బాబాయ్ కథల్లో సగం కల్పన ఉంటుంది. అయినా కొమ్మా చేసే పనేమిటో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు పుస్తకాల్లో దొరకలేదు.

నేను అసలు ఈ కొమ్మాని కాగితం మీద నిలబెట్టి చూసింది పిల్లల పుస్తకాల్లో కాదు, పెద్దల ఫైళ్లలో. ఈ కాలనీలో బీరువా తెరిస్తే పట్టుచీరల పక్కన ఓ ప్లాస్టిక్ ఫోల్డర్ ఉంటుంది. దానిలో ఉద్యోగి జీవితమంతా బహువచనపు సొత్తుతోనే సాగుతుంది. ఎంప్లాయీస్’ స్టేట్ ఇన్సూరెన్స్ చట్టం 1948లోది. ఎంప్లాయీస్’ ప్రావిడెంట్ ఫండ్స్ చట్టం 1952లోది. ఎంప్లాయీస్’ పెన్షన్ స్కీమ్ 1995లోది. మూడింటిలోనూ కొమ్మా ఎస్‌కి అవతలే. “అండర్ ది ఎంప్లాయీస్’ పెన్షన్ స్కీమ్, 1995” అని దరఖాస్తు మొదలవుతుంది. ‘అండర్’ పిలిచింది స్కీమ్‌ని, మధ్యలో ఉద్యోగులందరూ.

వీటి పక్కనే ఇంకో చట్టం పెట్టి చూడండి. పనిలో గాయపడిన వాళ్లకి పరిహారం ఇవ్వడానికి తెచ్చిన 1923 నాటి చట్టం పేరు మొదట వర్క్‌మెన్’స్ కాంపెన్సేషన్ యాక్ట్. మెన్ ఎటూ బహువచనమే కాబట్టి కొమ్మా ఎస్‌కి ముందు. 2009 సవరణలో ఆ ‘మెన్’ని తీసేసి పేరు మార్చారు. కొత్త పేరు ఎంప్లాయీ’స్ కాంపెన్సేషన్ యాక్ట్. ఇక్కడా కొమ్మా ఎస్‌కి ముందే, కానీ ఈసారి మనిషి ఒక్కడు. ప్రావిడెంట్ ఫండ్‌లో ఉద్యోగులు పదుగురు, పరిహారం చట్టంలో ఉద్యోగి ఒకడు. చట్టం రాసినవాళ్లు ఇంత ఆలోచించి చేశారని నేను అనను. అయినా నాకు అది సబబుగానే తోస్తుంది. ఫండు అందరి డబ్బు కలిసిన కుప్ప. క్రేన్ కింద నలిగిన చెయ్యి ఒకరిదే.

గ్రాట్యుటీ దగ్గర ఈ కొమ్మా డబ్బు లెక్కలోకే వచ్చేస్తుంది. 1972 చట్టంలో, పూర్తి చేసిన ప్రతి ఏడాది సర్వీసుకీ “ఎట్ ద రేట్ ఆఫ్ ఫిఫ్టీన్ డేస్’ వేజెస్” చొప్పున చెల్లించాలని ఉండేది. ఎట్ వెనక రేట్, ఆఫ్ వెనక వేజెస్. ప్రిపొజిషన్లు రెండూ తమ మనుషులని పట్టుకున్నాయి, రోజులు మాత్రం జీతానికి యజమానులై మధ్యలో కూర్చున్నాయి. రోజులు జీతానికి యజమానులేమిటని ఇంగ్లిషు పిల్లలు బుర్ర గోక్కుంటారేమో. మనకి ఆ బాధ లేదు. పదిహేను రోజుల జీతం, రెండు నెలల నోటీసు, మూడు వారాల సెలవు అని పుట్టినప్పటినుంచీ అంటున్నాం. ‘ల’ వెనక పేరు ఉంది, కొమ్మా పెట్టేయడమే. లెక్క కూడా చూద్దాం. నెల జీతాన్ని 26తో భాగించి 15తో హెచ్చించాలి. ఆఖరి జీతం మూలవేతనం, డీఏ కలిపి 26,000 అనుకుంటే రోజుకి 1,000, పదిహేను రోజులకి 15,000, ముప్పై ఏళ్ల సర్వీసుకి 4,50,000. ఈ లెక్క చేయించాక పదో తరగతి పిల్లాడు ఒకడు “ఫిఫ్టీన్ డే’స్ అని రాస్తే?” అన్నాడు. ఒక్క రోజు జీతం ఇచ్చి పంపేస్తారని వాడి నాన్న వంటింట్లోంచి అరిచాడు. అలా ఏమీ జరగదు, కోర్టులు కొమ్మా ఒక్కదాన్నీ పట్టుకుని కూర్చోవు. కానీ వాడు మళ్లీ ఆ తప్పు రాయలేదు.

మాటని తీసేసి చూసే పరీక్ష అన్నిచోట్లా పారదు. సాయంత్రం కాలనీలో నడుస్తుంటే గేట్ల మీద “ద రావ్’స్”, “శర్మా’స్” అని ఇత్తడి అక్షరాలు మెరుస్తుంటాయి. ఒక్క రావుగారి ఏమిటి? వెనక ఏ పేరూ లేదు. కుటుంబమంతా అని చెప్పాలంటే “ద రావ్స్” చాలు, కొమ్మా వద్దు. కానీ ఆ ఇంటికి భోజనానికి పిలిస్తే “డిన్నర్ ఎట్ ద రావ్స్’” అని రాయాలి, చివర ఏ మాటా లేకపోయినా. అక్కడ ఇల్లు అన్న మాట దాగి ఉంది. మనం “బాబాయ్ వాళ్లింట్లో” అన్నప్పుడు ఒక్క బాబాయ్‌ని ‘వాళ్లు’ చేసి ఇంటిల్లిపాదినీ కలుపుకోమూ, అదే ఏర్పాటు. నేమ్‌ప్లేట్లు దిద్దమని నేను ఎవరి గేటూ తట్టను. ఇత్తడి అక్షరం ఊడదీస్తే గోడకి చిల్లు మిగులుతుంది.

‘ఆఫ్’ దగ్గర ఇంకో చిక్కు. “ఎ ఫోటో ఆఫ్ మై పేరెంట్స్” అంటే ఫోటోలో కనిపించేది అమ్మానాన్నలు. “ఎ ఫోటో ఆఫ్ మై పేరెంట్స్’” అంటే ఆ ఫోటో వాళ్లది, అందులో ఏనుగు ఉన్నా సరే. తెలుగులో రెంటికీ “మా అమ్మానాన్నల ఫోటో” అనే అంటాం, ఏదో ఎదుటివాడే గ్రహించుకుంటాడు. ఇంగ్లిషు ఆ తేడాని కాగితం మీద చూపించగలదు. పైకి చదివితే మాత్రం మళ్లీ రెండూ ఒకటే, మనతో సమానమే.

బడిలో సెప్టెంబర్ 5 చార్టు మీద “టీచర్స్’ డే” అని రాయించేటప్పుడు మదర్’స్ డే ప్రస్తావన తప్పక వస్తుంది. అక్కడ తల్లి ఎందుకు ఒక్కతే? 1914లో అమెరికా ప్రభుత్వం గుర్తించిన ఆ రోజు కోసం పోరాడిన అన్నా జార్విస్, కొమ్మా ఎస్‌కి ముందే ఉండాలని పట్టుబట్టింది. లోకంలోని తల్లులందరికీ కాదు, ఎవరి తల్లికి వాళ్లు అని ఆవిడ ఉద్దేశం. ఇష్టపడి పెట్టిన కొమ్మాలు తక్కువ. ఆవిడది అలాంటిది.

ఇంత కచ్చితంగా కనిపించే ఈ నియమం వయసు ఎంతనుకున్నారు? కొమ్మా ఫ్రెంచి అచ్చుల నుంచి పదహారో శతాబ్దంలో ఇంగ్లిషులోకి వచ్చింది. బహువచనపు సొత్తుకి ఎస్ దాటి పెట్టడం స్థిరపడింది పద్దెనిమిదో శతాబ్దం చివరికి. చిన్నయసూరి పుట్టేనాటికి అదింకా కొత్త ముచ్చటే. నిలకడ ఇప్పటికీ లేదు. అమెరికాలో ఊళ్ల పేర్లు నిర్ణయించే ప్రభుత్వ బోర్డు 1890 నుంచీ దాన్ని తీసేస్తూనే ఉంది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరం 2009లో వీధి బోర్డుల మీద మానేసింది. ఆ దేశంలోనే జాన్ రిచర్డ్స్ అనే రిటైరైన పత్రికా ఉద్యోగి దీన్ని కాపాడడానికి 2001లో ఒక సంఘం పెట్టాడు. 2019లో తొంభై ఆరేళ్ల వయసులో, ఇక చాలు, బద్ధకమే గెలిచిందని చెప్పి మూసేశాడు. మా కాలనీలో ఉంటే ఆయనకి సాయంత్రం బల్ల మీద చోటూ, టీ నీళ్లూ దొరికేవి. శ్రోతలు మాత్రం పెన్షన్ మాటలు తప్ప వేరేవి వినేవాళ్లు కాదు.

పెన్షన్ అంటే గుర్తొచ్చింది. 2022 నవంబర్ 4న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఎక్కువ పెన్షన్ కోసం దరఖాస్తులు పెట్టడానికి మా వీధి వీధంతా కదిలింది. ఇంగ్లిషు చూసి పెట్టమని సాయంత్రాలు నా దగ్గరకి వచ్చేవారు. అర్హత వివరాలు నాకు తెలియవు, కొమ్మాలు తెలుసు. పక్కింటి బాబాయ్ కూడా తన వెయ్యి చిల్లర పెన్షన్ గురించి ఒక అర్జీ టైపు చేయించుకొచ్చారు. “అండర్ ది ఎంప్లాయీ’స్ పెన్షన్ స్కీమ్” అని ఉంది. చట్టంలో ఎస్ తర్వాత ఉంటుంది, ఇక్కడ ముందుకొచ్చింది, మార్పించండి అన్నాను.

“ఏటమ్మా, అది అటు జరిపితే పెన్షన్ పెరుగుతాదేటి?”

“పెరగదు బాబాయ్.”

“మరైతే పెన్నుతో దిద్దీ. మళ్లీ ప్రింటంటే చౌక్ దాకా ఎల్లాల, కాయితానికి అయిదు రూపాయలు.”

దిద్దాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని పరీక్షగా చూసి, కింద “ఫ్రమ్ ద ఎంప్లాయర్స్” అన్నచోట వేలు పెట్టి, “ఇక్కడా ఎట్టాలా?” అన్నారు. అక్కర్లేదన్నాను. వెనకేముందో చూడమన్నాను. ఫుల్‌స్టాపు ఉందన్నారు.